సీమ ఎలుకలకు నేను కట్టిన రాతి ఇల్లు

మార్కాపురంలో మా కాలాన ఏ ఇంటికి పోయినా పలకరాయి కాలికి తగిలేది. గడప ముందు పలకరాయి, బావి చుట్టూ పలకరాయి, కోళ్ల గూటి మీద పలకరాయి. గనుల్లోంచి వచ్చే రాయిలో బడిపిల్లలు రాసుకునే పలకగా తేలేది కొద్దిపాటే. మిగిలింది కార్ఖానా వెనక గుట్టగా పడి ఉంటే ఎవరికి కావలసింది వాళ్లు నెత్తిన పెట్టుకుని తెచ్చుకునేవాళ్లు. నేను ఆ పలకల పనివాణ్ణి. రాయిని చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి లోపల చీలిక ఉందో లేదో చెప్పేవాణ్ణి. ఉలి ఎక్కడ ఆనిస్తే పొర ఎంత పలచగా లేస్తుందో నాకు తెలిసినట్టు మా వీధిలో ఇంకొకరికి తెలియదు. ఇది గొప్పలు చెప్పుకోవడమేనని నాకూ తెలుసు. కానీ ఈ గొప్ప సంగతి ముందే చెప్పకపోతే నేను చేసిన పాపం మీకు సరిగ్గా అర్థం కాదు.

అప్పుడు తెల్లవాళ్ల రాజ్యం. మా తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. ఎక్కడో యుద్ధం జరుగుతోందని ఇక్కడ కిరసనాయిలు దొరికేది కాదు, మంచి కొయ్య అసలే దొరికేది కాదు. నాకు ఇరవై నాలుగేళ్లు. నా భార్య రాచర్ల పిల్ల, మా మేనమామ కూతురు. చిన్నప్పటినుంచీ నన్ను బావా అని పిలిచిన నోరు పెళ్లయ్యాక కూడా అట్లాగే పిలిచేది.

మొదటి కాన్పులో మా బిడ్డ పుట్టి ఏడవలేదు. మగబిడ్డ. ఎందుకు అట్లా అయిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఇంటికి వచ్చిన ఆడవాళ్లు మాత్రం ఏం తిన్నావు, ఏం తాగావు, ఎక్కడ తిరిగావు అని వరసగా అడిగి, నిట్టూర్చి, వెళ్లిపోయారు. వాళ్లు అడిగి మరిచిపోయారు. ఆమె మరిచిపోలేదు. నెలలు నిండిన రోజుల్లో ఎవరో ఇచ్చిన ఒక పండు ముక్క తిన్నదట. "నా చేత్తో నేనే తింటి గదా బావా" అని గోడ వైపు తిరిగి అనేది. నేను "ఊరుకో, అట్లాంటిదేం లేదు" అనేవాణ్ణి. 

కాన్పు తర్వాత జ్వరం తగ్గకపోతే రైలెక్కించి ఒక మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయాను. నెలకు పైగా ఉంది అక్కడ. చూడటానికి పోయినప్పుడల్లా మంచం ఖాళీగా ఉండేది. మనిషి వరండా చివర ఒక కొయ్య పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఉండేది.

ఆ పెట్టెలో ఉన్నవాటిని ఏమనాలో నాకు తెలియలేదు. ఎలుక అందామంటే తోక లేదు. కుందేలు అందామంటే చెవులు చిన్నవి. పిడికిలి కంటే పెద్దవి, ఒకటి గోధుమ రంగూ తెలుపూ, రెండోది నలుపు. ఆసుపత్రి నర్సమ్మ ఒక దొరసాని, ఆమె ముద్దుకోసం పెంచుకుంటున్నవి. వాటిని గినీ పంది అంటారని చెప్పింది. పంది అనేసరికి మా అమ్మ ముక్కు మూసుకుంటుందని భయపడి, సముద్రం అవతలనుంచి వచ్చిన ప్రతిదానికీ సీమ అని తగిలించే మా అలవాటు ప్రకారం నేను సీమ ఎలుకలు అన్నాను. ఆ పేరే ఉండిపోయింది.

నర్సమ్మకు సముద్రం వైపు ఊరికి బదిలీ అయింది. పోతూ పోతూ ఆ రెండింటినీ పెట్టెతో సహా నా భార్య చేతిలో పెట్టింది. నర్సమ్మది బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు. "వీటిని ఇంటి లోపలనే ఉంచవలెను. ఎండ వీటికి మరణము. వేసవిలో పెట్టె మీద తడిగోనె కప్పవలెను. గాలి ఆడవలెను. మూడు వేసవులు నేను అట్లే దాటించితిని" అంది. నా భార్య ఒక్కొక్క మాటకూ తల ఊపింది. నేను ఆ మాటలు వింటూ పెట్టె చెక్కను తడుముతూ ఉన్నాను. మందు సీసాలు వచ్చిన పెట్టె అది. తెల్లటి తేలికైన కొయ్య, ముడి అన్నది లేదు, ఇంకా చిత్రిక పట్టిన వాసన వస్తోంది. ముందు భాగాన ఇనుప జాలీ, కింద నాలుగు పొట్టి కాళ్లు.

ఇంటికి తెచ్చి నా భార్య పెట్టెను లోపలి గదిలో నీళ్ల కుండల పక్కన పెట్టింది. ఇల్లంతటికీ చల్లని చోటు అదే. పొద్దున్నే చెరువు కింద కాలువ గట్టుకు పోయి గరిక కోసుకొచ్చేది. కొంగులో గరిక చప్పుడైతే చాలు, రెండూ జాలీ దగ్గరికి ఉరికి వచ్చి పిట్టల్లాగా ఈల వేసేవి. మొదటిసారి ఆ ఈల విన్నప్పుడు ఆమె పకపకా నవ్వింది. అయిదు నెలల తర్వాత ఆమె నవ్వు అదే వినడం. మా అమ్మ బయట చేట పట్టుకుని, "ఎలుకలకు గడ్డి కోసుకొచ్చే కోడల్ని ఏ ఊర్లోనూ చూడలేదమ్మా" అని దెప్పింది గానీ, మరుసటి రోజు సంతనుంచి ముల్లంగి కొంటూ ఆకులు పారేయకుండా తెచ్చింది.

అట్లా చలికాలం బాగానే గడిచింది. ఆమె ఒంటికి కాస్త కండ పట్టింది. వాటిని ఒళ్లో పెట్టుకుని గోరువెచ్చగా ఉన్నాయని మురిసిపోయేది. నేను కూడా మురిసిపోతే ఎంత బాగుండేది! నా కళ్లు మాత్రం పెట్టె మీద ఉన్నాయి.

సంగతేమంటే, కార్ఖానాలో కూలికి చేసింది చాలని, ఇంటి దగ్గర సొంతంగా పలకలు చేసి అమ్మాలని నాకు ఆశ పుట్టింది. పొదిలి షావుకారు ఒకాయన బళ్లకు పలకలు పంపేవాడు. మచ్చుకు ఒక డజను చేసి చూపించు, నచ్చితే ఏడాది పొడుగునా నీ దగ్గరే తీసుకుంటా అన్నాడు. రాయి నా దగ్గర ఉంది, చేతిలో పని ఉంది. పలక చుట్టూ బిగించే చట్రాలకే కొయ్య లేదు. ఊళ్లో దొరికే కొయ్య ముదురుగా, వంకరగా, నాలుగు రోజులకే నెర్రెలిచ్చేది. మంచి కొయ్య మా ఇంట్లోనే నీళ్ల కుండల పక్కన ఎలుకల కింద ఉంది.

పెట్టె ఇమ్మని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. అందుకని ఎలుకల మీద ప్రేమ ఒలకబోశాను.

"కొయ్యకు ఉచ్చ ఇంకుతాండాది, ఇల్లంతా వాసన. పైగా చెద పడితే ఒక్క రాత్రిలో బొక్క చేస్తది. పిల్లి దూరిందంటే ఏం చేస్తావు? నేను రాతితో ఇల్లు కట్టి ఇస్తా చూడు. నీళ్లు పోస్తే కడిగినట్టుంటది" అన్నాను.

నేను చెప్పినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. వాసన వచ్చేది, చెద మా ఊళ్లో ఉంది, పిల్లీ ఉంది. మంచి మాటలన్నీ పోగుచేసి చెడ్డ పనికి వాడటం నాకు అప్పుడే తెలిసింది.

ఆమె, "నర్సమ్మ కొయ్యదే మంచిదని చెప్పె గదా?" అంది.

"నర్సమ్మకు సూది పొడవడం తెలుసు. రాయి సంగతి నాకు తెలుసు" అన్నాను. అని మీసం కూడా దువ్వుకున్నాననుకుంటాను.

పదిహేను రోజులు కట్టాను. నా చేతుల మీదుగా అంత అందమైన వస్తువు మళ్లీ రాలేదు. గోడలకు నాలుగు పలకలు, నల్లగా, ఇసుకా నీళ్లూ వేసి మొహం కనిపించేదాకా నునుపు చేసినవి. ముందు పలకకు జాలీ బదులు సన్నని ఉలితో చిన్న చిన్న రంధ్రాలు పువ్వు ఆకారంలో తొలిచాను. పక్క పలక ఒకటి మాత్రం మేత పెట్టడానికి, కడగడానికి జరిపితే జరిగేట్టు అమర్చాను. పైకప్పు ఒకే పలక, పగులూ గీతా లేనిది, అంచులు వాలుగా చెక్కి. దాన్ని లోపలి గదిలో పెడితే ఎవరు చూస్తారు? వాకిట్లో, పడమటి గోడకు ఆనించి, వీధిలో పోయేవాళ్లకు కనిపించేట్టు నిలబెట్టాను. మాఘమాసం అది. రాయి మీద చెయ్యి పెడితే కుండలాగా చల్లగా తగిలింది. "చూడు, నీ గదిలో కంటే చల్లగుండాది" అని ఆమె చెయ్యి పట్టుకుని ఆనించాను. ఆమె నవ్వి తల ఊపింది.

మా పక్కింట్లో మిద్దెలు వేసే పెద్దాయన ఉండేవాడు, సాయిబు. నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. మా వైపు మిద్దె అంటే దూలాల మీద రాతిబండలు పరిచి, పైన జానెడు మందాన చౌడుమన్ను పోసి కప్పుతారు. ఆ మన్నే ఎండను ఆపేది. ఊళ్లో సగం మిద్దెలు ఆయన చేతి మీద లేచినవే. నా రాతి ఇంటిని చుట్టూ తిరిగి చూసి, పైకప్పు మీద అరచెయ్యి వేసి అన్నాడు:

"పని బాగుంది, అల్లుడా. మన్నేదీ?"

"ఏం మన్ను మామా?"

"మనుషులకు కట్టేటప్పుడు బండ మీద మన్ను పోస్తాం గదా. వీటికొద్దా? వట్టి రాయి ఎండకు పెనమైతది."

నాకు తెలియనిదా? మా ఇంటి మిద్దె మీదికి ఏటేటా చౌడు మోసింది నేనే. కానీ అద్దంలాంటి ఆ పలక మీద మన్ను పోస్తే ఇంక దాని అందమేముంది? "ఎండలొచ్చినప్పుడు చూద్దాంలే మామా" అన్నాను. ఆయన ఇంకేదో అనబోయి బీడీ ముట్టించుకున్నాడు.

కొయ్యపెట్టెను ఆ మధ్యాహ్నమే విప్పదీశాను. చెద పట్టిందని ఆమెకు చెప్పాను. ఇది మాత్రం పచ్చి అబద్ధం. పన్నెండు మచ్చు పలకలకు చట్రాలు సరిగ్గా సరిపోయాయి.

నా రాతి ఇల్లు చూడటానికి జనం వచ్చారు. దారిన పోయేవాళ్లు ఆగి రంధ్రాల్లోంచి తొంగిచూసేవాళ్లు. ఎలుకల్ని చూసి వింత పడేవాళ్లు కొందరు, రాతిపని చూసి మెచ్చుకునేవాళ్లు కొందరు. నాకు రెండోవాళ్లే మనుషుల్లాగా కనిపించేవాళ్లు. ఎలుకలు మాత్రం ఆ ఇంట్లో మునుపటిలా ఉరకలేదు. జాలీ లేదు కాబట్టి ఆమె వస్తున్నది వాటికి కనిపించేది కాదు. చప్పుడు విని వెనక మూలనుంచే ఈల వేసేవి.

ఫాల్గుణంలో ఒకరోజు ఆమె గోధుమ రంగుదాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "పొట్ట చూడు బావా, మెల్లగా పట్టుకో" అంది. బరువుగా ఉంది. వేలు ఆనిస్తే లోపల ఏదో కదిలింది. "పుడతానే కళ్లు తెరుచుకోని పుడతాయంట. బొచ్చుతో, పండ్లతో, అంతా. నర్సమ్మ చెప్పింది. పుట్టిన రోజే గడ్డి తింటాయంట" అంది. "ఈసారి చూస్తా ఉండు. ఒక్కటి గూడా పోదు." ఎవరి బిడ్డల గురించి అంటోందో నాకు తెలుసు. ఆ ఎలుక వీపు నిమిరాను.

ఉగాది దాటింది. మా వైపు ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. పొద్దున్నే గోడలు వేడెక్కుతాయి. ఆమె రోజూ పైకప్పు మీద తడిగోనె కప్పి మధ్యాహ్నానికి నాలుగుసార్లు నీళ్లు చల్లేది. "వాటిని లోపలికి మారుద్దాం బావా, బండలు ఊడదీసి పెట్టు" అని మూడు రోజులుగా అడుగుతోంది. "సరేలే, ఈ వారంలో" అంటున్నాను. పాత పెట్టె లేదు, లోపల విడిగా వదిలితే పిల్లి భయం. సున్నం పట్టించి కట్టిన కీళ్లు అవి. ఊడదీస్తే మళ్లీ అట్లా అతకవు. నా బాధ నాది.

ఆ వారంలోనే రాచర్లలో వాళ్ల చిన్నాన్న కొడుక్కి నామకరణం వచ్చింది. మా అమ్మా ఆమే కలిసి పొద్దున బండెక్కారు, మరునాడు వస్తామని. బండెక్కే ముందు ఎలుకలకు మేత పెట్టింది. ఆ రోజు గరికతో పాటు ఎవరో ఇచ్చిన పచ్చి ఉలవాకు కూడా గుప్పెడు వేసింది. "కొత్త మేత, ఎంత ఇష్టంగా తింటాండాయో చూడు" అంది. బండి కదిలాక కూడా వెనక్కి తిరిగి, "గోనె మరవద్దు బావా! ఆరితే తడుపు!" అని అరిచింది. తడుపుతాను పొమ్మని చెయ్యి ఊపాను.

తడిపాను కూడా. రెండుసార్లు. మూడోసారి తడపబోతుంటే పొదిలి షావుకారు వస్తున్నాడని కబురు వచ్చింది. మచ్చు పలకలు చూడటానికి. నేను చేసిన మొదటి పని ఏమిటో చెబుతాను. రాతి ఇంటి మీదనుంచి గోనె తీసేసి మడిచి లోపల పెట్టాను. గుడ్డతో పలక తుడిచాను. వాకిట్లో అడుగుపెట్టగానే షావుకారు కంట అది పడాలి. నా పనితనం గురించి పన్నెండు పలకలు చెప్పేదానికంటే అది ఎక్కువ చెబుతుందని నా లెక్క.

లెక్క తప్పలేదు. షావుకారు గొడుగు మూసి అక్కడే నిలబడిపోయాడు. "ఏంది, ఇది నువ్వే చేసినావా?" అన్నాడు. నేను ఒదిగి నిలబడి నవ్వాను. వసారాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. చట్రాలు తడిమి చూసి, ఇట్లాంటి కొయ్య ఎక్కడిదని అడిగాడు. ఉంది లెండి అన్నాను. ఆయన మాటకారి. రాయి మాట, బళ్ల మాట, యుద్ధం మాట, ఒకదాని వెంట ఒకటి. ఒంటిగంట ఎండ రెండు గంటల ఎండ అయింది. వాకిట్లోంచి ఒకసారి ఈల వినిపించింది. రోజూ మేతకు వేసే ఈల కాదది, పొడుగ్గా, తెగి తెగి వచ్చింది. నేను విన్నాను. విని, షావుకారు మాట మధ్యలో లేవడం మర్యాద కాదనుకున్నాను. కాసేపటికి ఈల ఆగింది. నిద్రపోయాయిలే అనుకున్నాను.

ఆయన ఎండ వాలాక లేచాడు. వీధి మొగదాకా సాగనంపి వచ్చి పైకప్పు మీద చెయ్యి వేశాను. వెంటనే తీసేశాను. కాలింది. రాళ్లతో బతికే చెయ్యి నాది, కాయలు కాసిన చెయ్యి, దానికే కాలింది. పక్క పలక జరిపి చూశాను. రెండూ ముందు వైపు, రంధ్రాల దగ్గర, ముక్కులు ఆనించి పడి ఉన్నాయి. గాలి కోసం వచ్చాయి. నేను పువ్వు ఆకారంలో తొలిచిన రంధ్రాలు అవి. ఒక్కొక్కటి సెనగగింజంత.

గోధుమ రంగుదాన్ని చేతిలోకి తీసుకున్నాను. పొట్ట తడిమాను. లోపల ఏమీ కదల్లేదు.

నేనప్పుడు ఏడ్చాను. ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాను. ఆ ఏడుపులో నిజం ఉందనే ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ కళ్లు తుడుచుకున్న చేత్తోనే పెరట్లో గొయ్యి తీసి రెండింటినీ పూడ్చాను. లోపలికి పోయి గోనె తెచ్చి, బాగా తడిపి, రాతి ఇంటి మీద నీటుగా కప్పాను. మరునాడు పొద్దున లేవగానే మళ్లీ తడిపాను.

వాళ్లు మధ్యాహ్నానికి వచ్చారు. ఆమె బండి దిగుతూనే చెరువు దగ్గర కోసుకున్న గరిక కొంగులో పట్టుకుని వాకిట్లోకి ఉరికింది. గరిక చప్పుడు చేసింది. ఈల రాలేదు. నా మొహం చూసింది.

"రెండూ పోయినాయి" అన్నాను.

ఆమె తడిగోనె మీద చెయ్యి పెట్టింది. తడిగా ఉంది. గోనెలో తప్పేమీ లేదని ఆమె అనుకున్నట్టు మొహంలో నాకు కనిపించింది. అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. తెరిచిన నోటితో నేనన్న మాట ఇది:

"పోతా పోతా ఏం పెట్టినావు వాటికి?"

నేను అబద్ధం చెప్పలేదు, చూశారా. ఊరికే ఒక మాట అడిగాను. అంతకు ముందు సంవత్సరం మా ఇంటికి వచ్చిన ఆడవాళ్లు అడిగినట్టే.

ఆమె తన చేతి వైపు చూసుకుంది. "ఉలవాకు" అంది. "కొత్త మేత. నేనే పెట్టినా" అంది.

"పడలేదేమో" అన్నాను.

కొంగులోని గరిక కిందికి జారిపోయింది. ఆమె దాన్ని ఏరలేదు.

పక్కింటి మామ ఆ సాయంత్రం వచ్చాడు. పైకప్పు వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆమె ముందు ఒక్క మాట అనలేదు. వీధిలోకి వచ్చాక నా భుజం పట్టుకుని, "ఆ పిల్లకు చెప్పు, అల్లుడా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నీకెందుకు మామా అన్నాను. తప్పు చేసినవాడికి తప్పు తెలిసినవాడి మీద వచ్చే కోపం ఇంకెవరి మీదా రాదు. ఏడాదిపాటు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

షావుకారు నాకు పని ఇచ్చాడు. సొంతంగా నిలదొక్కుకున్నాను. ఆమె మాత్రం ఆ రోజునుంచి ప్రాణమున్న దేనికీ తన చేత్తో మేత పెట్టలేదు. బర్రెకు చొప్ప వేసేది మా అమ్మ. కోళ్లకు గింజలు చల్లేది మా అమ్మ. దూడ నాకడానికి వస్తే చెయ్యి వెనక్కి తీసుకునేది. అన్నం వండి మాకు వడ్డించేది గానీ, ఎవరింటి బిడ్డనైనా ఒళ్లో పెడితే నోట్లో బెల్లం ముక్క కూడా పెట్టేది కాదు. మా అమ్మ విసుక్కుంటే, "నా చెయ్యి మంచిది కాదత్తా" అనేది. పక్క గదిలో పలకలు నునుపు చేస్తూ నేనా మాట వినేవాణ్ణి. ఇసుక ఇంకా గట్టిగా రుద్దేవాణ్ణి. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకోవడంతోనే మూడేళ్లు పోయాయి. వాకిట్లో ఆ రాతి ఇల్లు అట్లాగే ఉంది. దాన్ని తీసేస్తే ఎందుకు తీశావని అడుగుతుందేమోనని నా భయం.

ఆ మూడో ఏడు మాకు ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే వీధి చివరిదాకా వినిపించేట్టు ఏడ్చింది. పాలు ఇవ్వడం వరకు తల్లి ఇచ్చింది. ఉగ్గు దగ్గరనుంచీ మా అమ్మే. ఆరో నెలలో అన్నప్రాశనం నాడు తల్లి చేత మొదటి ముద్ద పెట్టించబోతే గిన్నె మా అమ్మ చేతికి ఇచ్చి దూరంగా పోయి నిలబడింది. వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను తాంబూలాలు సర్దుతున్నట్టు నటించాను.

తర్వాతి ఉగాదికి మా అమ్మ వీధిలోవాళ్లతో కలిసి శ్రీశైలం నడిచిపోయింది. వారం రోజుల ప్రయాణం. రెండో రోజు మధ్యాహ్నం నేను పని ఆపి ఇంట్లోకి వచ్చేసరికి పిల్ల ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది. ఆమె ఎదురుగా కూర్చుని ఉంది. ముందు గిన్నెలో పప్పూ నెయ్యీ వేసి మెత్తగా పిసికిన అన్నం. ముద్ద చేసి చేతిలో పట్టుకుంది. చెయ్యి పిల్ల నోటిదాకా పోతుంది, ఆగుతుంది, వెనక్కి వస్తుంది. ఎంతసేపటినుంచి అట్లా చేస్తోందో, ముద్ద ఎండిపోయి వేళ్లకు అంటుకుంది. నన్ను చూసి గిన్నె నా వైపు జరిపింది.

"నువ్వు పెట్టు బావా. నా బిడ్డ బతకాల" అంది.

నా చేతులనిండా రాతిపొడి. అక్కడే, నిలబడినచోటే చెప్పేశాను.

"ఉలవాకు గాదు. రాయి. ఆ పొద్దు గోనె నేనే తీసేసినా, షావుకారు చూడాలని. అవి అరుస్తాంటే విన్నా, లెయ్యలేదు. నువ్వొచ్చే ముందర మళ్లా తడిపి కప్పినా."

పిల్ల ఏడుస్తూనే ఉంది.

"పెట్టెకు చెద పట్టిందంటివే?" అంది ఆమె.

"పట్టలేదు. చట్రాలు చేసినా."

ఆమె ముద్ద ఉన్న చేతిని తిప్పి చూసుకుంది. అటూ ఇటూ, కొత్తగా చూస్తున్నట్టు. "మూడేండ్లు ఈ చెయ్యి తెగిపోతే బాగుండుననుకుంటి బావా" అంది. "నీకు కనపడలేదా?"

కనపడింది. రోజూ కనపడింది. ఆ మాట ఆమెకు చెప్పనక్కర్లేదు.

గిన్నె తన వైపు లాక్కుంది. ఎండిన ముద్ద పక్కన పెట్టి, కొత్తగా చిన్న ముద్ద చేసి, పిల్ల నోట్లో పెట్టింది. పిల్ల ఏడుపు ఆపి, నోరు ఆడించి, సగం బయటికి ఉమ్మింది. ఆమె ఆ సగాన్ని వేలితో తీసి మళ్లీ పెట్టింది.

నేను ఇంక అక్కడ నిలబడలేకపోయాను. వాకిట్లోకి పోయి గడ్డపార తీసుకుని ఆ రాతి ఇంటి పైకప్పు కింద దోపాను. ఎండకు పలక మళ్లీ పెనంలాగా కాలుతోంది. ఒక్క పోటు పడితే ఊడిపోయేదే. లోపలినుంచి ఆమె గొంతు వచ్చింది. కోపం లేదు ఆ గొంతులో, కోపం ఉంటే బాగుండేది.

"పీకొద్దు బావా. ఉండనీ. ఇన్నేండ్లు నేను చూసినా. ఇంక నువ్వు చూడు."

గడ్డపార గోడకు ఆనించాను. లోపల పిల్ల తింటున్న చప్పుడు వినిపిస్తోంది.